అరుప్పుకోట్టై కుల్లాయి

మా అక్క కూతురికి ఆడపిల్ల పుట్టిన పదిహేనో రోజున అరుప్పుకోట్టై నుంచి మా పెద్దమ్మ పంపిన పొట్లం వచ్చింది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కలో చుట్టి, దారంతో కట్టి పంపింది. విప్పితే మూడు వస్తువులున్నాయి: పసిబిడ్డకు కుల్లాయి, పాదాలకు ఒక జత తొడుగులు, పాలగిన్నె మీద వేసే పూసల గుడ్డ. మూడూ తెల్లని నూలు దారంతో, కొక్కెం సూదితో అల్లినవే. మూడూ కలిపి నా అరచేతిలో పట్టేశాయి.

ఆ రోజు అందరం భలే ఉన్నాయన్నాం, బిడ్డకు తొడిగి ఫోటో తీసుకున్నాం. ఆ పనితనం ఎంతటిదో నాకు అర్థమైంది మూడేళ్ళ తర్వాత. కూతురి రెండో కాన్పు దగ్గర పడుతుంటే మా అక్క ఆ కుల్లాయిని బీరువాలోంచి తీసి ఉతికింది. పిండి ఆరేయమని నా చేతికిచ్చింది. తడి కుల్లాయి నా వేళ్ళ మీద గుండ్రంగా విచ్చుకుని నిలబడింది. ఎక్కడా సాగలేదు, ఒక్క పోగు పైకి లేవలేదు. ఆరిన తర్వాత కిటికీ దగ్గర కూర్చుని దాన్ని కుట్టు కుట్టూ లెక్కపెడుతూ చూశాను. నాలుగు మధ్యాహ్నాల్లో అల్లిన వస్తువును చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అరుప్పుకోట్టై మదురైకి దక్షిణంగా, విరుదునగర్ జిల్లాలో ఉంది. నల్లరేగడి నేల; అక్కడివాళ్ళు కరిసల్ అంటారు. పత్తి పండే నేల, నూలు మిల్లులున్న ఊరు, చేనేత మగ్గాలు ఆడిన వీధులు. అక్కడ దారం ఇంటి సరుకు. విరుదునగర్, సాత్తూర్, కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ తరాలు గడిపిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా పెద్దమ్మది అలాంటి ఇల్లే. డెబ్భై దాటింది. భోజనాలై, అంట్లు తోముకుని, వీధి తిన్నె మీద గోడకు ఆనుకుని కూర్చుంటే ఆమె ఒళ్ళో దారపుండ ఉండాల్సిందే.

కుల్లాయి గురించి అడగాలని ఫోను చేశాను. ఎన్ని గంటలు పట్టింది పెద్దమ్మా అన్నాను.

“లెక్కేమిటికి నాయనా? బిడ్డ తలకాయ ఎంత ఉండాదో మీ అక్కని అడిగినా, అల్లినా. అంతే గదా.”

అడిగిన మాట నిజమే. ఆసుపత్రి చీటీలో రాసిన కొలత, 34 సెంటీమీటర్లు, మా అక్క ఫోనులో చదివి చెప్పిందట. ఆ ఒక్క అంకె తప్ప ఆమె దగ్గర నమూనా కాగితం లేదు, పుస్తకం లేదు. మిగతా లెక్కంతా ఆమె వేళ్ళలో ఉంది. ఆ లెక్క ఎలాంటిదో చెప్పాలంటే ముందు ఈ అల్లిక నడిచే తీరు చెప్పాలి.

స్వెట్టర్లు అల్లేవాళ్ళకు రెండు పుల్లలు కావాలి. పుల్లల మీద పదుల కొద్దీ ఉచ్చులు ఒకేసారి తెరిచి ఉంటాయి. పుల్ల జారితే వరస మొత్తం ఊడుతుంది. ఈ కొక్కెం సూది అల్లికకు, అంటే క్రోషేకు, ఒకే సూది. దాని కొన చిన్న కొక్కెంలా ఉంటుంది. కొక్కెంతో దారాన్ని అందుకోవడం, ఉన్న ఉచ్చులోంచి బయటికి లాగడం, పని అంతా ఇదే. ఒక కుట్టు పూర్తయ్యేసరికి సూది మీద మిగిలేది ఒక్క ఉచ్చే. దాన్ని మా పెద్దమ్మ ‘కన్ను’ అంటుంది. పాలు పొంగుతున్నాయన్నా, వాకిట్లో ఎవరో పిలిచినా, ఆ కన్నును కాస్త పెద్దగా లాగి వదిలి లేచిపోవచ్చు. తిరిగొచ్చి మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ఇంటిపని మధ్య ముక్కలు ముక్కలుగా దొరికే సమయానికి ఇంతగా సరిపడే చేతిపని మరొకటి లేదు.

ఆ కన్నులోనే ప్రమాదమూ ఉంది. చివరి ముడి పడేదాకా దారం కొస పట్టి లాగితే అల్లినదంతా జరజరా విప్పుకుని ఉండలోకి వెళ్ళిపోతుంది. మా పెద్దమ్మ దీన్ని ప్రమాదంగా చూడదు. చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చున్నప్పుడు, చక్కగానే ఉందనిపించిన నాలుగు చుట్లను ఒక్క లాగుతో విప్పేయడం చూసి నేను అయ్యో అన్నాను. “సమంగా రాలేదు నాయనా, ఇప్పేయాల. పోగు ఏమన్నా ఏడుస్తాదా?” అంది. ఈ కుల్లాయిలో ఎన్ని చుట్లు ఒకసారికి మించి అల్లిందో ఆమెకే తెలియాలి. విప్పిన గుర్తు మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు నడినెత్తి నుంచి మొదలుపెడదాం. కుల్లాయి మధ్యలో చిల్లు లేదు. గొలుసు కుట్లను వలయంగా కలిపి మొదలుపెడితే నడుమ చిన్న చిల్లు మిగులుతుంది. ఆమె దారాన్ని వేలికి చుట్టి, ఆ చుట్టులోనే మొదటి వరస కుట్లన్నీ వేసి, తర్వాత దారం కొస లాగి మూసేసింది. పసిబిడ్డ మాడు ఇంకా గట్టిపడని చోట సూది మొనంత సందు కూడా వదల్లేదు.

మొదటి చుట్టులో 12 డబుల్ క్రోషే కుట్లు. రెండో చుట్టులో 24, మూడో చుట్టులో 36. ఇలా చుట్టుకు పన్నెండు చొప్పున పెరుగుతూ పన్నెండో చుట్టులో 144. పన్నెండే ఎందుకు? డబుల్ కుట్టు ఎత్తు దాని వెడల్పుకు దాదాపు రెండింతలు. వృత్తం వ్యాసార్ధం ఒక పాలు పెరిగితే చుట్టుకొలత ఆరు పాళ్ళ పైచిలుకు పెరుగుతుందని బళ్ళో చదువుకున్నాం. ఒక చుట్టు వేస్తే వ్యాసార్ధం రెండు కుట్ల వెడల్పు పెరిగింది కాబట్టి చుట్టుకొలతకు ఆరు రెళ్ళు పన్నెండు కుట్లు కావాలి. తగ్గితే అల్లిక గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. మా పెద్దమ్మకు వ్యాసార్ధం అనే మాట తెలియదు. బిళ్ళను నేల మీద పెట్టి అరచేత్తో నిమురుతుంది. అరచేయి ఒప్పుకుంటే తర్వాతి చుట్టు.

ఆ కుచ్చిళ్ళు పడే గుణాన్నే 1997లో డైనా టైమిన్యా అనే లాత్వియా గణితవేత్త అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠంగా మార్చింది. అతిపరావలయ తలం అనే ఆకారాన్ని కాగితంతో చేసి చూపిస్తే చిరిగిపోయేది. ఆమె కావాలనే పెంపు ఎక్కువ వేసి దాన్ని క్రోషేతో అల్లింది. పుస్తకంలో మాత్రమే ఊహించుకున్న తలాన్ని విద్యార్థులు చేత్తో మడిచి, తడిమి చూశారు. కుట్ల లెక్కతో ఆకారాన్ని ఎటు కావాలంటే అటు వంచవచ్చని తిన్నె మీది అవ్వలకు ఎప్పటి నుంచో తెలుసు. ప్రొఫెసరు అదే లెక్కను తరగతి గదిలోకి తెచ్చింది.

ఒక కుట్టులో రెండు కుట్లు వేస్తే పెంపు. ఆ పన్నెండు పెంపులను ప్రతి చుట్టులోనూ ఒకదాని నెత్తిన ఒకటి వేస్తే గుండ్రంగా రావలసిన బిళ్ళకు మూలలు తేలతాయి. పన్నెండు గీతలు గొడుగు కమ్ముల్లా కనబడతాయి. తొందరలో అల్లినవన్నీ అలాగే ఉంటాయి. ఈ కుల్లాయిలో కమ్ములు లేవు. వెలుతురుకు పట్టి వెతికితే గాని తెలియలేదు: ప్రతి చుట్టులో పెంపు చోటును ఆమె రెండు మూడు కుట్లు పక్కకు జరుపుతూ పోయింది. చుట్టుకు చుట్టుకు లెక్క మార్చుకుంటూ, ఏ కాగితమూ చూడకుండా. ఆ జరపడం వల్లే నెత్తి భాగం పూర్ణచంద్రుడిలా నున్నగా వచ్చింది.

పన్నెండో చుట్టు దగ్గర పెంపు ఆపేసింది. నేల మీద చదునుగా పరుచుకున్న బిళ్ళ అక్కడి నుంచి కిందికి వంగి కుల్లాయి అయింది. కత్తిరింపు లేదు, మడత లేదు, వేరే ముక్క జోడింపు లేదు. ఎప్పుడు ఆపాలో తెలియడమే ఇక్కడి విద్య. రెండు చుట్లు ముందు ఆపితే బిడ్డ తలకు బిగుసుకునేది. రెండు చుట్లు ఆగి ఆపితే కళ్ళ మీదికి జారేది. 34 సెంటీమీటర్ల తలకు ఆమె అల్లిన చుట్టుకొలత 36. ఆ రెండు సెంటీమీటర్లు బిడ్డ పెరగడానికి వదిలిన చోటు.

పక్కభాగం 15 చుట్లు. ఇక్కడ కుట్టు మారింది. ఒక డబుల్, ఒక గొలుసు. మళ్ళీ ఒక డబుల్, ఒక గొలుసు. అంటే కిటికీ గళ్ళ మాదిరి. అరుప్పుకోట్టై ఎండ తెలిసినవాళ్ళకు ఈ గళ్ళెందుకో చెప్పక్కర్లేదు. చలిదేశాల్లో కుల్లాయి వేడి నిలపడానికి. మా వైపు గాలి సోకకుండా నెత్తి కప్పి, చెమట పట్టకుండా పక్కలు వదలాలి. అందుకే నెత్తిన దట్టం, పక్కల జల్లెడ. బజారులో రంగురంగుల అక్రిలిక్ ఊలు చవకగా దొరుకుతున్నా ఆమె నూలు దారమే పట్టింది.

ఆ దారానికీ ఒక కథ ఉంది. క్రోషే దారానికి పట్టులాంటి మెరుపు ఉంటుంది. 1844లో జాన్ మెర్సర్ అనే ఇంగ్లండు రసాయనవేత్త నూలును ఘాటైన కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచితే పోగు ఉబ్బి బలపడుతుందనీ, రంగు బాగా పడుతుందనీ కనిపెట్టాడు. ఆ ముంచేటప్పుడు నూలును బిగించి పట్టి ఉంచితే మెరుపు కూడా వస్తుందని తర్వాతి తరంలో హోరేస్ లోవ్ చూపించాడు. ఇలాంటి దారానికి పొడుగు పింజ పత్తి కావాలి. కరిసల్ నేలలో తరతరాలుగా వానకు పండిన కరుంగణ్ణి దేశవాళీ పత్తిది పొట్టి పింజ. సన్న దారానికి అది పనికిరాదు. కాబట్టి మా పెద్దమ్మ పత్తిచేల మధ్య పుట్టి కూడా ఈ కుల్లాయికి వాడిన ఇరవై నంబరు దారాన్ని కొట్లో కొనుక్కోవలసిందే. అయినా ఆ దారం మరీ పరాయిది కాదు. మన ఇళ్ళలో యాంకర్ దారం పేరుతో పాటు వినబడే మదురా కోట్స్ కంపెనీ, హార్వీ సోదరులు పాపనాశం దగ్గర తామ్రపర్ణి నీటి బలంతో, ఆపైన తూత్తుకుడిలో, మదురైలో నడిపిన మిల్లుల వారసత్వం.

లెక్క వేశాను. నెత్తి భాగంలో 936 కుట్లు. పక్కభాగంలో 2,160. అంచున వేసిన గవ్వల వరస కాకుండానే మూడు వేలు దాటాయి. ఒక్కో డబుల్‌కు సూది నాలుగు సార్లు దారాన్ని అందుకోవాలి, గొలుసుకు ఒకసారి. మొత్తం తొమ్మిది వేల సార్ల పైమాటే. తొమ్మిది వేల సార్లూ దారం ఎడమచేతి వేళ్ళ మధ్య ఒకే బిగువులో జారింది. మొదటి చుట్టు కుట్టు మీద చివరి చుట్టు కుట్టును పెట్టి చూస్తే ఎత్తులో తేడా దొరకలేదు. నాలుగు మధ్యాహ్నాల్లో ఆమెకు ఒకరోజు నడుంనొప్పి ఉండి ఉంటుంది, ఒకరోజు ఎవరి మీదో కోపం వచ్చి ఉంటుంది. అవేవీ దారం దాకా రాలేదు.

కుల్లాయిని తిరగేసి చూశాను. నిజమైన పరీక్ష లోపలి వైపే. ఇంత పనిలో దారం అయిపోయి కొత్త ఉండ అందుకున్న చోటు ఒకటి ఉండాలి. ముడి కోసం వేలితో తడిమాను, దొరకలేదు. ముడి వేస్తే బిడ్డ నెత్తికి గుచ్చుకుంటుంది. రెండు దారాల కొసలనూ కొంత దూరం కుట్ల కడుపులోనే పోనిచ్చి, తర్వాత వెనక్కి తిప్పి మళ్ళీ పోనిచ్చింది. ఎటు లాగినా జారదు. పాదాల తొడుగుల్లోనూ ఇంతే. పసిపిల్లల కాలివేళ్ళకు వదులు దారం చుట్టుకుంటే రక్తం ఆడదు, అది చిన్న విషయం కాదు. అందుకే తొడుగుల్లో గళ్ళు లేవు, లోపల వేలాడే పోగు లేదు. పైకి కనబడే అందం చూసేవాళ్ళ కోసం; లోపలి శుభ్రం బిడ్డ కోసం. కుల్లాయికి చుట్టు చుట్టుకూ కలిపిన అతుకు గీత కూడా సరిగ్గా వెనకవైపు దాక్కుంది.

పూసల గుడ్డలో మరో విద్య ఉంది. పాలగిన్నె మీద పలచని గుడ్డ వేస్తే ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది; అంచున వేలాడే పూసల బరువు దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ పూసలు తర్వాత కుట్టినవని నేను అనుకునేవాణ్ణి. పొరపాటు. అల్లడం మొదలుపెట్టక ముందే పూసలన్నీ దారానికి ఎక్కించాలి. ఒక్కొక్కటిగా ముందుకు జరుపుకుంటూ, కావలసిన చోట కుట్టులో బంధించాలి. మొదట ఎక్కించిన పూస చివర పడుతుంది కాబట్టి రంగుల వరసను తలకిందులుగా గుర్తుంచుకుని ఎక్కించాలి. ఈ గుడ్డకు రెండు ఎర్రపూసలు, ఒక పచ్చపూస చొప్పున చుట్టూ ఎక్కడా తప్పలేదు.

అల్లేటప్పుడు ఆమె పెదాలు కదులుతుంటాయి. ఒగటి, రొండు, మూడు. కొట్లో చిల్లర లెక్క తమిళంలో చెప్పే మనిషి, బడిలో తమిళమే చదువుకున్న మనిషి, కుట్ల లెక్క మాత్రం తెలుగులో పెడుతుంది. తెలుగు అక్షరం ఆమెకు రాదు. ఈ నేల తెలుగువాళ్ళు ఉత్తరాన ఉన్న తెలుగుసీమ నుంచి తరలివచ్చిన కథను కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశాడు, అదీ తమిళంలోనే. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. రాత లేకుండా నోటి నుంచి నోటికి ఆ ఇళ్ళలో తెలుగు ఎలా నిలిచిందో, నమూనా కాగితం లేకుండా చేతి నుంచి చేతికి ఈ అల్లికా అలాగే వచ్చింది. మా పెద్దమ్మకు వాళ్ళ అత్త నేర్పింది. సైకిల్ పుల్ల కొనను ఆకురాయితో అరగదీసి చేసిన సూది ఆ అత్తదే. ఇప్పటికీ ఆమె డబ్బాలో ఉంది.

అంతకన్నా వెనక్కి పోతే, మన దక్షిణాదికి లేసు పని వచ్చింది ఎక్కువగా మిషనరీ ఇళ్ళ ఆడవాళ్ళ ద్వారా. 19వ శతాబ్దం తొలిరోజుల్లో నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ దిండు మీద కదుళ్ళతో అల్లే లేసును అక్కడి పేద స్త్రీలకు నేర్పింది. ఆమె కూతురు ఎలిజా ఆ పనిని తిరునెల్వేలి వైపు ఇడైయన్‌గుడికి తీసుకెళ్ళింది. ఎలిజా భర్త రాబర్ట్ కాల్డ్‌వెల్. తెలుగు, తమిళం మొదలైనవి ఒకే కుటుంబపు భాషలని 1856లో వ్యాకరణ గ్రంథంతో నిరూపించినవాడు. ఆయన భాషల పోగులు కలుపుతున్న ఇంట్లోనే ఆమె ఆడపిల్లలకు దారపు పోగులు కలపడం నేర్పింది.

కొక్కెం సూది లేసుకు మన తెలుగునాట పేరు మోసిన చోటు నరసాపురం. గోదావరి డెల్టాలో 1844 ప్రాంతంలో మెక్రే అనే మిషనరీ దంపతులు నేర్పారని చెబుతారు. దాదాపు అదే కాలంలో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్ళి కరువు వచ్చినప్పుడు క్రోషే అల్లి ఎన్నో కుటుంబాలు బతికాయి. నరసాపురం, పాలకొల్లు ఊళ్ళలో పూలు అల్లేవాళ్ళది చేతిపని, వాటిని కలిపి దుప్పటో బల్లగుడ్డో చేసేవాళ్ళది అతుకుపని. అక్కడి లేసు ప్రపంచమంతా తిరిగింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఆ లేసు స్త్రీల మీద ఒక పుస్తకం రాసింది. రోజుకు ఎన్నో గంటలు అల్లుతున్నా వాళ్ళను కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదనీ, తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులు అనే మాట అడ్డం పెట్టి కూలి అతి తక్కువగా ఇచ్చారనీ ఆమె చూపింది. ఇది చదివినప్పటి నుంచి ‘లెక్కేమిటికి నాయనా’ అన్న మా పెద్దమ్మ మాట నాకు రెండు రకాలుగా వినబడుతోంది. మనవరాలి బిడ్డకు అల్లినప్పుడు లెక్క వేయకపోవడం ప్రేమ. అదే చేతిపనిని కొనుక్కునేటప్పుడు మనం లెక్క వేయకపోతే అది అన్యాయం.

ఎందుకంటే ఈ పనిని యంత్రం చేయదు. నేత మగ్గానికి యంత్రం వచ్చింది, స్వెట్టరుకు వచ్చింది, దిండు లేసుకూ వచ్చింది. క్రోషేకు మాత్రం ప్రయోగశాలల్లో నమూనాలే తప్ప సరుకు తీసే యంత్రం ఇప్పటికీ లేదు. ప్రతి కుట్టుకూ సూది కొత్త చోట దూరాలి, కొత్త కోణంలో తిరగాలి. ఆ వెతుకులాట వేళ్ళకే తెలుసు. యంత్రంతో చేసి క్రోషే అని అమ్మేది దాన్ని పోలిన మరో అల్లిక. నిజమైన క్రోషే ముక్క ఎంత చవకగా దొరికినా, ఎక్కడ దొరికినా, దాని వెనక ఒక మనిషి కూర్చుని ఒక్కో కన్నూ లాగింది.

మీ ఇంట్లో కూడా ఏ పెట్టె అడుగునో ఒక కుల్లాయో, రేడియో మీద పరిచిన గుడ్డో, గుమ్మానికి కట్టిన తోరణమో ఉండే ఉంటుంది. ఒకసారి బయటికి తీసి, తిరగేసి లోపలి వైపు చూడండి. అల్లినవాళ్ళు ఉంటే ఫోను చేసి, ఎలా అల్లారో అడగండి. సంతలో ఎవరైనా ఇలాంటివి పరిచి కూర్చుంటే బేరం ఆడకండి. మా ఇంట్లో రెండో బిడ్డ పోయిన నెల పుట్టాడు. వాడి తల 35 సెంటీమీటర్లు. కుల్లాయి సరిపోయింది.